నాలుగో తొట్టి నీళ్ళు

నాలుగో తొట్టి మళ్ళీ అలిగింది.

తెల్లవారకముందే కొంగు నడుముకి దోపుకుని తిరుపతమ్మ గట్టు మీదికి వచ్చేసరికి నురగ అంచుదాకా పొంగి ఉంది. తెల్ల నురగైతే ఆవిడ పట్టించుకునేది కాదు. ఇది పసుపురంగు జిగురు నురగ. గంజి పొంగి పొయ్యి చుట్టూ ఎండినట్టు తొట్టి లోపల పరిచిన నల్ల షీటుకి అంటుకుపోయింది.

“ఏంటే నీ బాధ?” అని అడిగింది.

తొట్టినే. ఇంకెవరిని అడుగుతుంది? ఆవిడతో మాట కలిపే ఒక్కగానొక్క నరమానవుడు పొద్దున ఎనిమిదింటికి రేపల్లె నుంచి మోటారు సైకిల్ మీద వస్తాడు, సాయంత్రం ఐదింటికి వెళ్ళిపోతాడు. మిగతా వేళంతా ఆవిడకి ఈ ఐదు తొట్లే చుట్టాలూ పక్కాలూ.

పెళ్ళిపందిరంత పొడుగున్న తొట్లు, మోకాలి లోతు నీళ్ళు. ఒక్కోదానికి ఒక చివర తెడ్ల చక్రం తిరుగుతుంటే ఆకుపచ్చటి నీళ్ళు చుట్టూ నడుస్తూనే ఉంటాయి. తెనాలిలో ఆ పచ్చదనాన్ని బిళ్ళలు చేసి, డబ్బా మీద స్పిరులినా అని రాసి అమ్ముతారు. బలానికి మంచిదట. తిరుపతమ్మకి మాత్రం అది నాచే. ఏనాడూ ఆ బిళ్ళ నోట్లో వేసుకున్న పాపాన పోలేదు.

నీళ్ళ రుచి మాత్రం రోజూ చూస్తుంది. అది పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆవిడ ఊరు మొగపాలెంలో ఎవరైనా సరే, వల భుజాన వేసుకుని, సముద్రంలో కలిసే మురుగుకాలవ డ్రైను గట్టు దిగాక ముందు దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలుకకి తగిలిస్తారు. పోటు ఎంతవరకు ఎక్కింది, ఉప్పెంత, తీపెంత, ఇవాళ కొయ్యింగ చేప దొరుకుతుందా జెల్ల దొరుకుతుందా, అన్నీ ఆ చుక్కలోనే తెలుస్తాయి. రుచి చూడకుండా వల విసిరేవాణ్ణి పాలెంలో మనిషి కింద లెక్కగట్టరు.

నురగ పక్కకి నెట్టి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలుక చివర పెట్టింది. చురుక్కుమంది. తుపుక్కున ఊసి మోటారు వేసింది.

మోటారు నీళ్ళని ఎత్తి, ఏటవాలుగా కట్టిన గుడ్డ మీద పోస్తుంది. నాచు గుడ్డ మీద నిలిచిపోతుంది, నీళ్ళు కింద గుంటలోకి కారి మళ్ళీ తొట్టిలోకే పోతాయి. నిలిచిన నాచుని రేకుతో గీకి, పిండి, జంతికల గొట్టంలాంటి మరలో ఒత్తి ట్రేల మీద ఎండబెడతారు. నాచు తెనాలి వెళ్ళిపోతుంది. నీళ్ళు ఇక్కడే ఉండిపోతాయి. పదకొండు నెలలుగా ఆ తొట్లలో అవే నీళ్ళు. ఎండకి ఇగిరినంత మేరకు బోరు నీళ్ళు పోస్తారు, ఆ బోరూ ఉప్పే. కాలవకి నీళ్ళు ఆపేశాక ఈ వైశాఖంలో మంచినీళ్ళు తాగడానికే గగనంగా ఉంది.

ఆ సోమవారం నీళ్ళు గుడ్డలోంచి దిగనే లేదు. జిగురు పట్టి, గుడ్డ మీదనుంచే పొర్లి నేలపాలయ్యాయి. తిరుపతమ్మ గుడ్డ విప్పి మూడుసార్లు జాడించింది. మూడుసార్లూ అదే తంతు. ట్రేలో పడిన నాచు గుప్పెడు కూడా లేదు.

*

ఎనిమిదింటికి అనుదీప్ వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, అంగలకుదురు వాళ్ళబ్బాయి. నీళ్ళ చదువేదో చదివాడు. తొట్లలో ఎప్పుడు ఏది కలపాలో చూసేది అతనే. వచ్చీ రాగానే గోడకి అంటించిన చార్టు చూసుకుని వంటసోడా బస్తా నాలుగో తొట్టి దగ్గరికి ఈడ్చుకొచ్చాడు.

“బాబూ, దానికి సోడా పొయ్యబోకు. నాలిక మీద సూదుల్లాగా గుచ్చుకుంటన్నాయి నీళ్ళు.”

“చార్టులో ఉంది పిన్నీ. వారానికో బస్తా.”

“చార్టు తాగి చూసిందా నీళ్ళని?”

అనుదీప్ నవ్వేసి బస్తా విప్పాడు. చదువుకున్నవాడికి చెప్పేదెవరు! తిరుపతమ్మ వెళ్ళి ట్రేలు కడుక్కుంది.

పదింటికి ప్రకాశరావుగారి కారు వచ్చింది. తెనాలి మనిషి. తాతల నాటి పొలాలు కౌలుకిచ్చి ఈ ఫారం పెట్టాడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. పనివాళ్ళని పేరు పెట్టి పిలుస్తాడు, పండక్కి చీర పెడతాడు. కాకపోతే ఎదుటివాళ్ళ కాల్లో ముల్లు ఆయనకి కనపడదు, అంతే. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“చచ్చిపోయింది ఇది. గురువారం పొద్దున పాటు ఉంటుంది. డ్రైనులో నీళ్ళు కిందికి లాగే వేళకి తూము తీసెయ్యండి. గంటలో సముద్రంలో కలిసిపోతాయి.”

“సార్, బాపట్ల నుంచి వచ్చిన ఆఫీసర్లు చుక్క నీళ్ళు వదలొద్దని రాసిచ్చి వెళ్ళారు కదండి,” అన్నాడు అనుదీప్.

“ఒక్క తొట్టేగా. పాడైన నీళ్ళని పెట్టుకుని పూజ చేస్తామా?”

తిరుపతమ్మ చేతిలో ట్రే కింద పెట్టింది. “అయ్యా, నేను తియ్యనండి.”

ప్రకాశరావు ఆశ్చర్యంగా చూశాడు. పోయినేడు ఇదే మనిషి మారు మాట్లాడకుండా తూము చక్రం తిప్పింది.

“పోయినేడు తిప్పాను. పాటు వేళే తిప్పాను. మధ్యాన్నానికి డ్రైనులో చేపలన్నీ తెల్లగా తేలినయ్. పాలెమంతా నెల రోజులు వల ఎయ్యలేదండి. మళ్ళీ తిప్పితే ఇంక నాకు పాలెం లేదు.”

“నీకేంటి తిరుపతమ్మా, ఎట్లాగూ వాళ్ళు నీతో మాట్లాడరుగా.”

ఆయన ఆ మాట ఎగతాళిగా అనలేదు. లెక్క సరిచూసినట్టు మామూలుగానే అన్నాడు. అందుకే అది నేరుగా వెళ్ళి గుండెలో దిగింది. మాట్లాడరు, నిజమే. వెలేశారు. నిప్పుకీ నీళ్ళకీ ఎవరూ రాకూడదని కులపెద్దలు కట్టడి చేశారు. ఇల్లు తాళం వేసుకుని వచ్చి ఈ మోటారు షెడ్డులో పడింది. కానీ ఏదో ఒకరోజు పిలుస్తారన్న ఆశ ఒకటుంది చూశారూ, దాన్ని పట్టుకునే రోజుకి రెండు ముద్దలు మింగుతోంది. తూము మళ్ళీ తెరిస్తే ఆ ఆశ కూడా మిగలదు.

“గురువారం దాకా టైముందిగా అయ్యా,” అంది చివరికి. “ఆ నీళ్ళు నాకొదిలెయ్యండి. బాగు చెయ్యలేకపోతే మీ ఇష్టం.”

“నువ్వా?” అని, ఆయన అనుదీప్ వైపు చూశాడు. అనుదీప్ చార్టు వైపు చూశాడు. “సరే, గురువారం పదింటికి నేనే వస్తాను,” అని కారెక్కాడు ప్రకాశరావు.

*

ఆ సాయంత్రం ఎప్పటిలాగే వీరరాఘవమ్మ డ్రైను గట్టు మీదుగా బస్సుకి వెళ్ళింది. తిరుపతమ్మ తమ్ముడు బాపయ్య పెళ్ళాం. చేపల గంప నెత్తిన పెట్టుకుని రోజూ ఫారం గేటు ముందునుంచే పోతుంది. తల తిప్పదు. కాళ్ళు మాత్రం గేటు దగ్గర నెమ్మదిస్తాయి, తర్వాత మళ్ళీ వేగం అందుకుంటాయి. ఆ నాలుగు నెమ్మది అడుగుల కోసం తిరుపతమ్మ రోజూ అదే వేళకి గేటు పక్కన గుడ్డలు ఆరేస్తుంది. ఆరెయ్యడానికి గుడ్డలు లేకపోతే ఆరినవే మళ్ళీ తడుపుతుంది. సిగ్గేంటి ఇందులో? మనిషికి మనిషి కావాలి.

పొద్దుండగానే అన్నం వండింది. కుండ దించి చూస్తే మళ్ళీ ఇద్దరికి సరిపడా ఉంది. ఎన్నిసార్లు తగ్గించి పోద్దామన్నా, ఎవరో వస్తారన్నట్టు చెయ్యి మాట వినదు. మిగిలింది కాకులకి వేసి, వాటితో, “మీకు మాత్రం కట్టడి లేదు గదా, తినండి,” అంది.

*

మంగళవారం అనుదీప్ రాగానే చెయ్యి పట్టుకుని ఐదో తొట్టి దగ్గరికి లాక్కెళ్ళింది. దాని చక్రం విరిగి నెలయింది, ఖాళీగా ఉంది.

“నాలుగో తొట్టి నాచంతా వడకట్టి మూడో దాంట్లో ఏద్దాం. ఉత్త నీళ్ళు ఇందులోకి తోడదాం. తర్వాత రేపు సాయంత్రం దాకా దీన్ని ఎవరూ కదపకూడదు.”

“ఏమవుతుంది పిన్నీ కదపకపోతే?”

“బాబూ, మా అమ్మ ఉప్పుచేప చేసేది. చేపలు ఊరేసిన ఊటని పారబోసేది కాదు. ఉప్పు రేవులోనే దొరుకుద్ది, అయినా పారబోసేది కాదు. పాత ఊటలో ఊరిన చేపకే రుచి. కానీ దాన్ని అట్టానే వాడితే చేప కుళ్ళిపోద్ది. పైన తెట్టు తీసెయ్యాల. నీడన పెట్టి కదపకుండా ఉంచాల. మడ్డి అడుక్కి దిగుద్ది. అప్పుడు నడిమి నీళ్ళు మాత్రం తోడుకోవాల. అడుగు ముట్టుకుంటే అంతా పాడు.”

“అది చేపల ఊట. ఇది...”

“ఇదీ ఊటే. ఇందులో నాచు ఊరింది.” కాస్త ఆగి, అసలు సంగతి చెప్పింది. “ఇంకొకటి. పాత ఊటకి కొత్త ఉప్పు చిటికెడే ఎయ్యాల. నువ్వు వారానికో బస్తా సోడా పోస్తన్నావ్. ముందు పోసింది ఎక్కడికి పోయింది? నాచు తినింది కొంచెం, మిగిలిందంతా నీళ్ళలోనే ఉంది. పదకొండు నెలల సోడా బాబూ అది!”

అనుదీప్ మొహం ఎర్రబడింది. గోడ దగ్గరికి వెళ్ళి చార్టు చించినంత పని చేసి తెచ్చాడు. కింద మూలన చిన్న అక్షరాల్లో ఉంది, కొత్త నీళ్ళకి అని. ప్రతివారం చూసే చార్టే. ఆ మూలకి ఎప్పుడూ కన్ను పోలేదు.

“నేనే చంపానన్నమాట,” అన్నాడు చార్టు మడుస్తూ.

“చావలా. ఊపిరాడక కొట్టుకుంటంది. పద, పని చూడు.”

ఆ పని చూడాలి అసలు! ఎండ నిప్పులు చెరుగుతుంటే ఇద్దరూ మధ్యాహ్నం దాకా వడకట్టారు, తోడారు. నీళ్ళు ఐదో తొట్టిలోకి చేరాక తిరుపతమ్మ తాటాకు తడికలు కప్పింది, ఎండ పడకుండా. నాలుగో తొట్టి షీటు మీద పట్టిన జిగురంతా మోకాళ్ళ మీద కూర్చుని కొబ్బరిపీచుతో రుద్ది తీసింది. మోకాళ్ళు చెక్కుకుపోయినా లేవలేదు. పొద్దు వాలాక ఐదో తొట్టి మీద తెట్టు కట్టింది. పాలమీద మీగడ తీసినట్టు రేకుతో మెల్లగా లాగి బకెట్లకెత్తింది. దాన్ని కూడా డ్రైను వైపు పోనివ్వకుండా గుంట తీసి పాతేసింది.

బుధవారం పొద్దున్నా సాయంత్రమూ మళ్ళీ తెట్టు తీసింది. మధ్యలో అనుదీప్ ఒకసారి కర్ర పెట్టి లోతు చూడబోతే చెయ్యి మీద ఒక్కటేసింది. “అడుగు కదపొద్దని చెప్పలా?” అతను చెయ్యి తుడుచుకుంటూ నవ్వాడు. తన సొంత పూచీ మీద రేపల్లె నుంచి ఒక ట్యాంకరు మంచినీళ్ళు తెప్పించాడు. నాలుగో తొట్టి అడుగున ముందు అవి పోయించారు. తర్వాత ఐదో తొట్టి నీళ్ళని నడిమినుంచి మాత్రమే గొట్టంతో లాగి, ఇసక పోసిన డ్రమ్ముల్లోంచి దించారు. జానెడు నీళ్ళు మడ్డితో సహా అడుగునే వదిలేశారు.

దిగుతున్న నీళ్ళని తిరుపతమ్మ నాలుకకి తగిలించింది. కొంచెం ఉప్పు, కొంచెం సోడా. సూదులు లేవు.

“ఇప్పుడు నీ పిల్లల్ని పంపుతా,” అంది తొట్టితో, మూడో తొట్టిలో దాచిన నాచు తెచ్చి పోస్తూ. సోడా మాత్రం దోసెడే వేయించింది.

*

గురువారం పదింటికి ప్రకాశరావు అన్నమాట ప్రకారం వచ్చాడు. నాలుగో తొట్టి చక్రం తిరుగుతోంది. నీళ్ళు పలచటి ఆకుపచ్చ. నురగ లేదు. ఆయన వంగి చూశాడు, ముక్కుకి జేబురుమాలు పెట్టుకోలేదు.

“అవే నీళ్ళా?”

“ఎక్కువ అవేనండి. ఇంక చార్టు ప్రకారం పొయ్యంలెండి. రుచి చూసి పోస్తాం,” అన్నాడు అనుదీప్. “అంతా పిన్నే చేసిందండి.”

“సరే. తూము తియ్యక్కర్లేదు,” అని ప్రకాశరావు కారు వైపు నడిచాడు. ఆ ఒక్క మాటకి తిరుపతమ్మ గట్టు మీదే కూర్చుండిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంక తప్పు నా చేతుల మీదుగా జరగదు, అనుకుంది.

దురదృష్టం అంత తేలిగ్గా ఊరుకుంటే ఇంకేం! ఒంటిగంటకి డ్రైను గట్టు మీద కేకలు వినపడ్డాయి. ఐదారుగురు గేటు తోసుకుని వచ్చారు. ముందు కులపెద్ద లక్ష్మీనారాయణ, వెనక కుర్రాళ్ళు, అందరికన్నా వెనక బాపయ్య. ఒక కుర్రాడి చేతిలో చచ్చిన కొయ్యింగ ఉంది. దాన్ని తిరుపతమ్మ కాళ్ళ దగ్గరికి విసిరాడు.

“మళ్ళీ వదిలావటే! డ్రైను నిండా తేలినయ్!”

తిరుపతమ్మ చేప వైపు చూసింది. లేచి, వాళ్ళ ముందు నడిచి, ఫారం వెనక తూము దగ్గరికి తీసుకెళ్ళింది.

తూము చక్రం తుప్పు పట్టి ఉంది. చక్రానికీ గోడకీ మధ్యన కుమ్మరి పురుగు కట్టుకున్న మట్టిగూడు ఉంది, పిడికిలంత. ఎండి, గట్టిపడి, చెక్కుచెదరకుండా ఉంది. చక్రం వేలెడు తిరిగినా అది పొడి పొడి అయిపోయేది.

లక్ష్మీనారాయణ గూడుని వేలితో తట్టి చూశాడు. తర్వాత డ్రైనులోకి దిగి దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలుకకి తగిలించి ఊశాడు.

“సోడా లేదు,” అన్నాడు. అంతవరకే అన్నాడు.

గట్టు మీద నిలబడ్డ తిరుపతమ్మకి కూడా వాసన తగులుతూనే ఉంది. బ్లీచింగు. ఆసుపత్రి వరండాల్లో కొట్టే వాసన. డ్రైనుకి ఎగువన ఉన్నవి బసవేశ్వరరావుగారి రొయ్యల చెరువులు. రొయ్యకి తెగులొస్తే చెరువులో బ్లీచింగు చల్లుతారు. చల్లాక వారం రోజులు నీళ్ళు నిలవబెట్టి అప్పుడు వదలాలి. అంత ఓపిక ఎవరికుంది? ఈ సంగతి లక్ష్మీనారాయణకి తెలియదా? పాలెంలో రామాలయానికి రేకుల పందిరి వేయించింది బసవేశ్వరరావే మరి.

“రేపు పొద్దున పాలెంలోకి రామ్మా,” అన్నాడు లక్ష్మీనారాయణ, ఆవిడ మొహం చూడకుండా. “పదిమందిలో మాట్లాడదాం.”

వాళ్ళు తిరిగి వెళ్తుంటే బాపయ్య ఒక్కడే రెండడుగులు వెనకబడ్డాడు. అక్క ఎదురుగా తలొంచుకుని నిలబడ్డాడు. తిరుపతమ్మ చూపు కూడా కిందికే పోయింది. తమ్ముడి నీలం లుంగీ మీద అంచు పొడుగునా తెల్లటి మచ్చలు, బియ్యపు గింజంతవి, రూపాయి బిళ్ళంతవి. రంగు తినేసిన మచ్చలు. వేళ్ళ చివర తోలు లేచి ఉంది.

బాపయ్య బసవేశ్వరరావు చెరువుల మీద కాపలా ఉంటాడు. చల్లేదీ అతనే, తూము తీసేదీ అతనే.

అతను వెళ్ళిపోయాక కూడా తిరుపతమ్మ ఆ ఎండలోనే నిలబడిపోయింది. పోయినేడు పదిమందిలో తనని నిలబెట్టిన రోజు బాపయ్య ఓ మూల తలకాయ మోకాళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు. భుజాన ఎర్ర తువ్వాలు. దాని మీద ఇలాంటి తెల్ల మచ్చలే. ఎవరింట్లోనో సున్నం వేశాడనుకుంది. అక్క చేసిన పనికి తమ్ముడు సిగ్గుతో తలెత్తుకోలేకపోతున్నాడనుకుంది. తన వెలి కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది ఆవిడని. “నేనే తిప్పాను, తప్పు నాదే,” అని ఒప్పేసుకుంది. తమ్ముడు తలెత్తాలని.

కడుపు మండిపోయింది. చచ్చిన చేపని కాలితో తన్నింది. మళ్ళీ వంగి తీసి, మట్టి దులిపి, గుంటలో పాతింది. ఆ సాయంత్రం గేటు పక్కన గుడ్డలు ఆరెయ్యలేదు. వీరరాఘవమ్మ అడుగులు గేటు దగ్గర చాలాసేపు ఆగిపోవడం షెడ్డులోంచి వింది, బయటికి రాలేదు.

*

శుక్రవారం పొద్దున ఏడాది తర్వాత పాలెంలో అడుగుపెట్టింది. పిల్లలు వింతగా చూశారు. తన ఇంటి తాళం కప్పకి తుప్పు పట్టి ఉంది. చూసి ముందుకి నడిచింది.

రేకుల పందిరి కింద అందరూ కూర్చున్నారు. లక్ష్మీనారాయణ గొంతు సవరించుకున్నాడు.

“తిరుపతమ్మ తప్పేం లేదని కళ్ళారా చూశాం. కట్టడి ఎత్తేస్తన్నాం. ఇంటోళ్ళు నీళ్ళు పొయ్యండి.”

మొగపాలెంలో వెలి తీసే పద్ధతి అదే. వెలిలో ఉన్న మనిషి దోసిలి పట్టాలి. సొంతవాళ్ళు ఇంటి నీళ్ళు తెచ్చి అందరి ముందూ పొయ్యాలి. తాగితే మనిషి లోపలికి వచ్చినట్టు. ఆ మనిషి చేతి నీళ్ళు ఆ క్షణం నుంచి అందరికీ చెల్లుతాయి, ఇంక ఎవరూ కాదనడానికి లేదు.

తిరుపతమ్మకి సొంతవాళ్ళు ఇంకెవరు? వీరరాఘవమ్మ ఇంటినుంచి బిందెతో నీళ్ళు తెచ్చి, లోటా ముంచి మొగుడి చేతికిచ్చింది. ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. బాపయ్య వచ్చి అక్క ఎదురుగా నిలబడ్డాడు. తిరుపతమ్మ దోసిలి పట్టింది. బాపయ్య తలెత్తకుండానే పోశాడు.

దోసిలి నిండింది. ఆవిడ తాగలేదు.

“లక్ష్మీనారాయణ మావా,” అంది, దోసిలి అలాగే పట్టుకుని. “నా తప్పు లేదంటన్నావ్. మరి చేపలు ఎట్టా చచ్చినయ్యో అడగవా? పోయినేడు నన్ను అడిగినప్పుడు అంత గట్టిగా అడిగావే.”

లక్ష్మీనారాయణ పందిరి రేకుల వైపు చూశాడు. “ముందు నీళ్ళు తాగమ్మా. కారిపోతన్నయ్.”

“కారిపోనీ. నీళ్ళు నిలబెట్టడం నాకు తెలుసు.”

ఆవిడ తమ్ముడి వైపు చూడలేదు. చూస్తే చాలు, అందరి కళ్ళూ అటే తిరుగుతాయి. చూడకూడదనే లక్ష్మీనారాయణ మొహం మీదనుంచి చూపు మరల్చలేదు. అయినా లాభం లేకపోయింది. లోటా ఇసకలో పడిన చప్పుడు కన్నా ముందే బాపయ్య గొంతు వినపడింది.

“నేనే.”

కూర్చున్నవాళ్ళంతా అతని వైపు తిరిగారు.

“నేనే తీశా మావా. బుధారం. చల్లిన రెండోరోజే తియ్యమన్నారు, తీశా. పోయినేడూ నేనే తీశా. అక్క ఆ రోజే ఆ తొట్టి వదిలింది. అక్క ఒప్పేసుకుంది. నేను... నా నోరు లెగవలా.” అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. “నా పిల్లలు గుర్తొచ్చారక్కా.”

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆ పందిరి కింద ఎవరి పిడికెడు వాళ్ళకి తెలుసు. డ్రైను నీళ్ళు రుచి చూడకుండా వల విసిరేవాడు ఒక్కడూ లేని ఊరది. పోయినేడు ఆ బ్లీచింగు ఎవరి నాలుకకి తగల్లేదు? అయినా సరే, కూడిన జనానికి ఎవరో ఒకరు కావాలి. వెనకనుంచి నిన్న చేప విసిరిన కుర్రాడే అన్నాడు, “అయితే వాడికీ అదే కట్టడి. ఇవాళ్టినుంచే!” ఇంకో ఇద్దరు ఔనన్నారు. లక్ష్మీనారాయణ మొహంలో బరువు దిగింది. అడగాల్సిన పెద్ద పేరు అడక్కుండానే సంగతి తేలిపోతోంది గదా. ఆయన నోరు తెరవబోయాడు.

తిరుపతమ్మ దోసిట్లో మిగిలిన రెండు గుక్కలు గబగబా తాగేసింది. వంగి ఇసకలో లోటా తీసుకుంది. కొంగుతో అంచు తుడిచింది. వీరరాఘవమ్మ దగ్గరున్న బిందెలో ముంచి, తమ్ముడి ముందు నిలబడింది.

“దోసిలి పట్టు.”

బాపయ్యకి అర్థం కాలేదు. లక్ష్మీనారాయణకి అర్థమైంది. “తిరుపతమ్మా, ఆగు, పెద్దలు ఇంకా చెప్పలేదు...”

“చెప్పకముందే పోస్తన్నా. నేనిప్పుడు లోపలి మనిషినే గదా మావా. నా చేతి నీళ్ళు చెల్లుతయ్. ఆ తూము ఎవరు తియ్యమన్నారో, ఆయన్ని పిలిచి అడుగు. వీణ్ణి ముట్టుకోబోకు.” తమ్ముడి చేతులు తనే ఎత్తి దగ్గరికి చేర్చింది. వేళ్ళ చివర తోలు లేచిన చేతులు. నీళ్ళు పోసింది.

అతను తాగలేదు. నీళ్ళలోకి చూస్తూ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి. తిరుపతమ్మకి అతని మీద జాలి లేదు. కడుపులో మంట నిన్నటికన్నా ఎక్కువగానే ఉంది. ఎప్పటికైనా చల్లారుతుందో లేదో ఆవిడకే తెలియదు. కానీ కాకులకి వేసిన అన్నం, ఆరిన గుడ్డల్ని మళ్ళీ తడిపిన సాయంత్రాలు, ఎవరూ వినకుండా తొట్టితో చెప్పుకున్న మాటలు, అవి పగవాడికి కూడా వద్దు.

“తాగరా,” అంది, ఇంకొంచెం పోస్తూ. “ఏడాది పాటు ఒక్కడివే కూర్చుని అన్నం తినడం నీవల్ల కాదు. నాకు తెలుసు. తాగు.”

బాపయ్య తాగాడు. లోటా అడుగున మిగిలిన నీళ్ళని తిరుపతమ్మ ఇసకలో పారబొయ్యలేదు. తిరిగి బిందెలో పోసి, మూత పెట్టి, మరదలి చంకకి ఎత్తింది.